పక్క కుర్చీలోని నటి

తెర మీద మనుషులు ఇద్దరికీ తెలిసిన సంగతినే ఒకరికొకరు చెప్పుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. "అన్నయ్యా, నీకు గుర్తుందా, మన నాన్న ఇదే ఇంట్లో, ఇదే మెట్ల మీద నుంచి పడి పోయాడు" అంటుంది చెల్లెలు. వాడికెందుకు గుర్తుండదు? పోయింది వాడి నాన్న కాదూ? ఆ మాట అన్నయ్యకి చెబుతున్నది కాదు, కుర్చీలో కూర్చున్న నాకు చెబుతున్నది. రాసినవాడికి నా తెలివి మీద కాస్త కూడా నమ్మకం లేదన్నమాట. ఆ అవమానాన్ని నేను ఊరికే పోనివ్వను. టీవీకి వినబడేలా తిడతాను.

ఇక నటన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏడవాల్సి వస్తే ఆ అమ్మాయి ముందు కెమెరా ఎక్కడుందో చూసుకుని, అటు మొహం తిప్పి, అప్పుడు ఏడుస్తుంది. భయపడాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నిజంగా భయం పట్టుకున్న మనిషి అలా ఉంటుందా? అది పైకి కనబడకుండా నానా తంటాలు పడుతుంది. చేతిలోకి ఏదో ఒక పని తీసుకుంటుంది. గొంతు మామూలుగా ఉంచుకుంటుంది. ఆ దాచుకోవడం చూపించగలిగిందే నటి అని నా సిద్ధాంతం. ఈ సిద్ధాంతం మా ఇంట్లో గోడలకి కూడా కంఠతా వచ్చు.

ఇందులో కొంత పాపం నా ఉద్యోగానిది. మిక్సీలు, ఫోన్లు, టీవీలు బాగుచేసే దుకాణంలో ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. వచ్చినవాళ్ళందరూ "నేనేం చెయ్యలేదండీ, దానంతటదే ఆగిపోయింది" అనే అంటారు. అలా అంటూనే నీళ్ళోడుతున్న ఫోను తీసి బల్ల మీద పెడతారు. రోజంతా ఆ నాటకాలు చూసి చూసి, అబద్ధం గుమ్మంలో ఉండగానే పసిగట్టగలనని నాకు కాస్త గర్వం. మా మెకానిక్ నన్ను పోలీసమ్మ అంటాడు.

సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి సీరియల్ వేళ అవుతుంది. టీవీ ముందు రెండు కుర్చీలు. ఒకటి నాది, ఒకటి మా అత్తయ్యది. మధ్యలో కింద నా కూతురు చిలక. దానికి మూడేళ్ళు ఇంకా నిండలేదు. అసలు పేరు వేరే ఉంది గానీ, నోరు మూతపడదని అందరం చిలక అనే పిలుస్తాం. మా ఆయన లిఫ్టుల మెకానిక్. ఆయన పని ముగించుకుని వచ్చేసరికి సీరియల్ అయిపోయి ఉంటుంది, అదృష్టవంతుడు.

అత్తయ్య చిలక పుట్టేదాకా బట్టలు కుట్టే దుకాణం నడిపింది. నేను ఉద్యోగం మానకుండా ఉండడం కోసం దాన్ని మూసేసి, పిల్లని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ మాట నా మొహం మీద ఒక్కసారి కూడా అనలేదు. అందుకే నేను దాన్ని ఎప్పుడూ మరిచిపోలేదు. టీవీ చూసేటప్పుడు ఆవిడ కళ్ళు మనుషుల మీద కాక బట్టల మీద ఉండేవి. "ఆ విలన్ కోటు చూడవే అమ్మాయ్, చంక దగ్గర పట్టేసింది. వాడు కోపంతో అరవట్లేదు, ఊపిరాడక అరుస్తున్నాడు" అనేది. నేను రచయితని తిట్టేదాన్ని, ఆవిడ దర్జీని తిట్టేది. ఇద్దరం కలిసి ఎవర్నీ వదిలేవాళ్ళం కాదు.

ఈ మధ్య ఆవిడ దర్జీని తిట్టడం మానేసింది. అది నేను పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నది వేరే. తెర మీద తలుపు తెరుచుకున్నప్పుడల్లా "ఎవరొచ్చారే?" అని అడగడం మొదలుపెట్టింది.

"ఎదురుగా కనిపిస్తోందిగా అత్తయ్యా, పెద్ద కోడలు."

"కనిపిస్తోందిలే. పేరు చప్పున గుర్తురాక అడిగాను."

ఆ 'గుర్తురాక' అన్న మాట నా గుండెలో ముల్లులా దిగబడిపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే దుకాణానికి ఒకావిడ మాడిపోయిన కరెంటు పొయ్యి పట్టుకొచ్చింది. వాళ్ళమ్మ దాని మీద పాలు పెట్టి, పెట్టిన సంగతే మరిచిపోయి, కిందకి దిగి వీధి చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళిపోయిందట. "ముందు పేర్లు మరిచిపోయేదండీ, మేం నవ్వుకునేవాళ్ళం" అంది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. నాకు తెలుస్తుంది కదా.

అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. పొద్దున్నే చిలకని అత్తయ్య చేతిలో పెట్టి బస్సెక్కుతాను. రోజంతా ఆ ఇంట్లో వాళ్ళిద్దరే. ఒకరికి మాటలు తప్ప ఏమీ తెలియదు. రెండో మనిషి ఏది ఎప్పుడు మరిచిపోతుందో తెలియదు. పొయ్యి ఉంది, బాల్కనీ ఉంది, వీధి తలుపుంది. బల్ల దగ్గర కూర్చుని ఎవరిదో మిక్సీ గోడు వింటూ మనసులో నా ఇంటి గదులన్నీ తిరిగొచ్చేదాన్ని. ఏదో ఒక వంక పెట్టుకుని ఇంటికి ఫోన్ చేసేదాన్ని.

"నా గొడుగు అక్కడే ఉందా అత్తయ్యా?"

"వర్షమే లేదు, గొడుగు ఎందుకే? చిలక తింది, పడుకుంది. నీ పని నువ్వు చూసుకో."

ఆ గొంతులో ఎక్కడైనా తేడా దొరుకుతుందేమోనని చెవి ఒగ్గి వినేదాన్ని. దొరికేది కాదు. దొరక్కపోతే ధైర్యం రావాలి గానీ నాకు ఇంకా భయం వేసేది.

మా ఆయనతో చెబితే నవ్వేశాడు. "మా అమ్మకి మతిమరుపా? నేను ఏడో తరగతిలో పారేసుకున్న లంచ్ డబ్బా గురించి నిన్న కూడా చివాట్లు పెట్టింది. నీకు సీరియళ్ళు తలకెక్కాయి."

నేనూ పరీక్షలు పెట్టాను. సీరియల్లో మొదటి భార్యని మేడ మీద నుంచి తోసిందెవరని ఏమీ ఎరగనట్టు అడిగాను. తోసిందెవరో, చూసిందెవరో, చూసి నోరు మూసుకున్నందుకు ఎవరికి ఏ ఇల్లు రాసిచ్చారో, అప్పుడు వానపడుతోందో లేదో అన్నీ గడగడా అప్పజెప్పింది. నాకే అందులో సగం గుర్తులేదు. మతిమరుపు అత్తయ్యకి కాదు, నాకేనేమో అనిపించింది. అయినా ఏదో తేడాగా ఉంది. సరిగ్గా రాసిన సన్నివేశంలో పైకి ఏమీ జరగదు గానీ చూసేవాళ్ళ ఊపిరి బిగుసుకుంటుంది. మా ఇల్లు అలా ఉంది.

చిలక మాటల్లో కూడా నాకో తేడా కనిపించింది. పిల్ల తొందరగా మాట్లాడుతోందని అందరూ మెచ్చుకుంటారు. కానీ అది మాట్లాడే తీరు వింటే నాకు సీరియలే గుర్తొచ్చేది. "నేను కుర్చీ కింద ఉన్నా. నేను నీళ్ళు తాగుతున్నా. కప్పు కింద పెట్టేశా. తలుపు దగ్గరికి వెళ్తున్నా." ఇద్దరికీ తెలిసినదాన్నే పైకి చెప్పడం! ఏ రోగాన్ని రోజూ తిడతానో అదే నా కడుపున పుట్టినదానికి అంటుకుంది. ఇంట్లో కూడా కీచుకీచుమనే బూట్లు వేసుకుని తిరుగుతూ, తను చేసే ప్రతి పనికీ వ్యాఖ్యానం చెప్పుకుంటూ పోతుంది. ఆ బూట్లు అత్తయ్య కొన్నవే. ఆ చప్పుడు నాకు తలనొప్పిగా ఉందంటే, "నడక స్థిరపడేదాకా ఉండనీ" అంది.

"ఈ చెత్త రచన విని విని పిల్ల పాడైపోతోంది అత్తయ్యా. సీరియల్ కొన్నాళ్ళు కట్టేద్దాం. ఈ సెలవుకి మీకొక మంచి సినిమా చూపిస్తా" అన్నాను.

బట్టలు మడతపెడుతున్న అత్తయ్య చేతులు ఆగాయి. "సీరియల్ జోలికి వెళ్ళకే అమ్మాయ్. సినిమా కూడా చూద్దాంలే" అంది.

సెలవు రోజు మధ్యాహ్నం చిలకని పడుకోబెట్టి నేను మెచ్చిన సినిమా పెట్టాను. భర్త పోయిన ఒకావిడ కథ. వంటగదిలోకి వస్తుంది. అలవాటు కొద్దీ రెండు కప్పులు తీస్తుంది. ఒక్క క్షణం ఆగుతుంది. ఒక కప్పు మళ్ళీ అరలో పెట్టేస్తుంది. అంతే, మాట లేదు, వెనక సంగీతం కూడా లేదు. తర్వాత పక్కింటివాళ్ళు ఓదార్చడానికి వస్తే తలుపు తీసి నవ్వుతుంది. ఆ నవ్వు చూసి నేను ఆపుకోలేకపోయాను. ఆ సినిమా ఎన్నిసార్లు చూసినా అక్కడ ముక్కు చీదాల్సిందే. అత్తయ్య మాత్రం బఠాణీలు ఒలుస్తూ కదలకుండా కూర్చుంది.

సినిమా అయ్యాక ఎలా ఉందని అడిగాను.

"బాగుందే. పాపం, ఎంతలా ఏడ్చిందో. నా కళ్ళు కూడా తడిశాయి."

"ఏడవలేదు కదా అత్తయ్యా, నవ్వింది."

బఠాణీ తొక్కలున్న పళ్ళెం పట్టుకుని లేస్తూ, "ఆ నవ్వు ఏడుపు కాకపోతే ఇంకేంటే?" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

నేను నోరెళ్ళబెట్టాను. ఇంత గొప్ప మాట నాకెందుకు తట్టలేదు అనుకున్నాను. మా అత్తయ్య నా కంటే ఎక్కువ తెలిసిన ప్రేక్షకురాలని మా ఆయనకి గొప్పగా చెప్పాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

మర్నాడు దుకాణానికి ఒకతను టీవీ మోసుకొచ్చాడు. తడిసింది కాదు, కిందపడ్డది కాదు. "మాటలు వస్తున్నాయండీ, బొమ్మ రావట్లేదు" అన్నాడు.

అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగాను. "ఎప్పట్నుంచి?"

"సరిగ్గా తెలీదండీ. చాలా రోజులే అయ్యుంటుంది. మా ఇంట్లో ఉదయం పూట సీరియళ్ళే చూస్తారు. వాటికి బొమ్మెందుకు, వింటే సరిపోతుంది. అందుకే ఎవరూ కంప్లయింట్ చెయ్యలేదు" అని నవ్వాడు.

నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. వింటే సరిపోతుంది. 'ఎవరొచ్చారే?' కుట్లు, కోట్లు, చంకల గురించి మాట లేకపోవడం. రెండు గంటల సినిమాలో మాటల్లేని మొహం మీద నవ్వుకి బదులు ఏడుపు. అతనికి రసీదు కూడా ఇవ్వకుండా లేచి, "నేను ఇంటికెళ్ళాలి" అన్నాను. మా మెకానిక్ ఏమైందని అడుగుతుండగానే బస్ స్టాపుకి పరుగెత్తాను.

బస్సులో కూర్చున్నాను గానీ నా ప్రాణం నా దగ్గర లేదు. చూపు లేని మనిషి చేతిలో నా బిడ్డని పెట్టి ఇన్నాళ్ళు బస్సెక్కానా? కాదు, అంత ఉండదు, ఇల్లంతా మామూలుగా తిరుగుతుంది కదా అనుకున్నాను. మళ్ళీ, ఆ ఇంట్లో ఆవిడ కళ్ళు మూసుకునైనా తిరగగలదు కదా అనిపించింది. ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు దిగుతున్నారు, ఎంతసేపూ దిగుతూనే ఉన్నారు. దిగేవాళ్ళందర్నీ మనసులో తిట్టుకున్నాను.

చిలక పడుకుని ఉంటుందేమోనని తాళం మెల్లగా తిప్పాను. లోపల టీవీ గట్టిగా మోగుతోంది, నేను వచ్చిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. గుమ్మంలో చిలక బూట్లు రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పిల్ల లేదు. అత్తయ్య కుర్చీలో కూర్చుని ఉంది.

"చిలకా, ఎక్కడున్నావో చెప్పు" అంది అత్తయ్య.

జవాబు రాలేదు. అత్తయ్య టీవీ కట్టేసి, తల ఒక పక్కకి వంచి విన్నది. "చిలకా, నాన్నమ్మకి చెబుతానని ఒప్పుకున్నావుగా. ఎక్కడున్నావమ్మా?"

అత్తయ్య లేచి గోడ పట్టుకుని గబగబా బాల్కనీ దగ్గరికి వెళ్ళింది. చేత్తో తడిమి గడియ చూసుకుంది. వేసే ఉంది. వంటగదిలోకి వెళ్ళి పొయ్యి తడిమింది, అది చల్లగానే ఉన్నట్టుంది. తిరిగొచ్చి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. కుర్చీ కింద, బల్ల కింద, మంచం కింద చేతులు చాపి వెతకసాగింది. "చిలకా... ఆట చాలే... నా తల్లివి కదూ..."

కేక వెయ్యబోయాను. అంతలో కిటికీ తెర కింద నుంచి రెండు చిన్న పాదాలు కనిపించాయి. తెర సందులోంచి చిలక నన్ను చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుని, చెప్పొద్దని సైగ చేసింది.

అప్పుడు అత్తయ్య తలెత్తింది. ఆవిడ మొహం సరిగ్గా నా వైపు తిరిగి ఉంది. మా మధ్య ఆ చిన్న గది అంత దూరం కూడా లేదు. ఆ కళ్ళు నా మీదే ఉన్నాయి, కానీ వాటికి నేను ఆ గదిలో లేను. నేను అన్నాళ్ళూ ఏ తెర మీదా చూడని భయం ఆ మొహం మీద ఉంది. చూసేవాళ్ళు ఎవరూ లేరనుకున్న మనిషి భయం అది. దాన్ని చూసినందుకు నాకు సిగ్గేసింది.

చిలకకి ఆగలేక నవ్వొచ్చేసింది. "అమ్మొచ్చింది!" అని తెర వెనక నుంచి దూకింది.

రెప్పపాటులో అత్తయ్య మారిపోయింది. చేతికి తగిలిన గుడ్డ తీసి దులుపుతూ, మామూలు గొంతుతో, "వచ్చావా? దీని గౌను ఎక్కడ పడేసిందో అని వెతుకుతున్నా. ఏంటే, ఇంత తొందరగా? ఒంట్లో బాగాలేదా?" అంది. చేతిలో పని, గొంతు మామూలు, అక్కర్లేని మాట ఒక్కటి లేదు. ముందు జరిగింది చూసి ఉండకపోతే నేను హాయిగా నమ్మేసేదాన్ని. ఆవిడ చేతిలో ఉన్నది గౌను కాదు, బల్ల తుడిచే గుడ్డ.

మాట్లాడితే గొంతు పట్టిస్తుందని తెలుసు. అత్తయ్య ఆ గుడ్డని శ్రద్ధగా మడతపెడుతూ నా జవాబు కోసం ఎదురు చూస్తోంది.

చిలక నా కాళ్ళు పట్టుకుని పైకి చూసింది. తర్వాత నాన్నమ్మ వైపు తిరిగి, రోజూ చెప్పినంత మామూలుగా, తనకి అప్పగించిన పని చేసింది. "నాన్నమ్మా, అమ్మ ఇక్కడే ఉంది. అమ్మ ఏడుస్తోంది."

అత్తయ్య చేతులు ఆగిపోయాయి.

ఆ తర్వాత ఆవిడ దాచలేదు. నేల మీదే కూర్చుని, గుడ్డ ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. ముందు ఎడమ కన్ను పోయిందట. వయసు మీద పడిందిలే అనుకుందట. తర్వాత కుడి కంటికి మధ్యలో మసక వచ్చి కూర్చుంది. పక్కల నుంచి నీడలు తెలుస్తాయి గానీ, ఎదురుగా ఉన్న మొహం తెలియదు. అందుకే వంటంతా నేను ఇంట్లో ఉండగానే ముగించేది. అందుకే కీచుమనే బూట్లు. ఏం చేస్తున్నా పైకి చెప్పాలని చిలకకి ఆటలాగా నేర్పింది.

"ఆ బూట్లు ఎప్పుడూ విప్పదే. ఇవాళే విప్పింది" అంది, తన తప్పేదో జరిగినట్టు.

"మాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెబితే దీన్ని నా దగ్గర ఉంచుతావా?"

ఉంచుతానని నోటిదాకా వచ్చింది. ఆవిడ బల్ల కింద చేతులు చాపి తడుముతున్న దృశ్యం నా కళ్ళ ముందు నుంచి ఇంకా పోలేదు. నేను చిలకని ఎత్తుకుని గట్టిగా పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఆయన పనికి వెళ్ళకుండా చిలక దగ్గర కూర్చున్నాడు. రాత్రంతా వాళ్ళమ్మని తిట్టి, పొద్దున ఆవిడకి చెప్పులు తనే తొడిగాడు. నేను అత్తయ్యని కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు చాలా చిన్న వయసు అమ్మాయి. లైటు వేసి చూసింది, మళ్ళీ చూసింది. ఎడమ కంటికి ఇక చూపు రాదంది. కుడి కంట్లో మిగిలినదాన్ని నిలబెట్టడానికి కంట్లోకే ఇంజెక్షన్ ఇవ్వాలి, ఒకటితో అయిపోదు, నిలబడుతుందని మాట కూడా ఇవ్వలేను అంది.

"కొంచెం ముందుగా వచ్చి ఉంటే..." అని ఆగి, మందుల చీటీ రాయడం మొదలుపెట్టింది. సగంలో ఆపిన వాక్యాలంటే నాకు ప్రాణం. అలా రాయగలిగినవాళ్ళని ఎంత మెచ్చుకున్నానో లెక్కలేదు. ఆ పూట మాత్రం మిగతా సగం కూడా చెప్పేసి ఉంటే బాగుండుననిపించింది.

కంట్లో చుక్కలు వేసి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అత్తయ్య చేతులకి పనేమీ లేక ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"నువ్వు సీరియల్ కట్టేస్తానన్నప్పుడు నా గుండె ఆగినంత పనైందే. వాళ్ళే నయం, అన్నీ నోటితో చెప్పేస్తారు. 'ఎర్ర కారులో వచ్చావా', 'నీ చేతిలో ఆ కత్తేంటి' అంటారు. నువ్వు ఆ మాటలే తిట్టేదానివి. నాకేమో ఆ మాటలే ఆధారం." నా వైపు తిరిగి, "నీ గొప్ప సినిమా ఉందే, రెండు గంటలు గిన్నెల చప్పుడు విన్నాను" అంది.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "మరి ఆవిడ ఏడ్చిందన్నారు?"

"నువ్వు ముక్కు చీదావుగా. సరే, ఏడ్చే చోటు వచ్చిందనుకున్నా."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"పట్టుకుంటావనుకున్నానే" అంది, మెల్లగా. "ఫోను తడిపినవాణ్ణి గుమ్మంలోనే పట్టేస్తావు. టీవీలో ఎవత్తె దొంగేడుపు ఏడ్చినా పట్టేస్తావు. ఇవాళ పట్టేస్తుంది, ఇవాళ పట్టేస్తుంది అనుకుంటూ రోజూ నీ పక్కనే కూర్చునేదాన్ని. పట్టుబడితే చిలక పోతుందని భయం. పట్టుకుంటే ఈ బరువు దిగిపోతుందని ఆశ. నువ్వేమో ఎప్పుడూ టీవీనే చూశావు."

ఆవిడ నన్ను దెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. అందుకే అంత బాధేసింది.

నర్సు వచ్చి లోపలికి రమ్మంది. అత్తయ్య లేచింది గానీ అడుగు వెయ్యలేదు. నా చెయ్యి వదల్లేదు. "కంట్లో సూదంటే భయంగా ఉందే అమ్మాయ్" అంది. ఇంకేదో అడగాలని ఉంది, పెదవులు కదిలాయి. చివరికి అడిగేసింది.

"లోపలికెళ్ళే ముందు ఒక్క మాట చెప్పు. చిలకని పగలు నా దగ్గరే ఉంచుతావు కదూ?"

పక్క వీధిలో పిల్లల్ని చూసుకునే చోటు ఉంది. ఆ పొద్దున ఆవిడ తయారవుతుంటే నేను వంటగదిలో నిలబడి వాళ్ళతో ఫోన్లో మాట్లాడేశాను. వచ్చే వారం నుంచి తీసుకొస్తానని చెప్పేశాను. ఈ సంగతి ఇప్పుడు, కంట్లో సూది దింపబోయే ముందు, ఈవిడకి ఎలా చెప్పను?

నాకు తెలిసిన విద్యంతా వాడాను. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఆవిడ భుజం మీద కొంగు సరిచేస్తూ, అసలు ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు, "ఇంకెక్కడ ఉంచుతాను అత్తయ్యా? ఎప్పట్లాగే మీ దగ్గరే ఉంటుంది" అన్నాను.

అత్తయ్య తల ఒక పక్కకి వంచి ఆ మాట పూర్తిగా విన్నది. మాట అయిపోయాక కూడా కొంచెంసేపు వింటూనే ఉంది. తర్వాత చెయ్యి పైకెత్తి, తడుముకుంటూ నా చెంప దొరకబుచ్చుకుని నిమిరింది.

"నీకు నటించడం రాదే" అని, నర్సు చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది.